ఒకటిన్నర శ్రుతి

మా వీధిలోకి రోజూ కూరగాయల ఆటో వస్తుంది. అతను ఇదివరకు నోటితో అరిచేవాడు. ఈమధ్య ఎవరో రికార్డు చేసిచ్చిన గొంతు స్పీకర్లో పెట్టుకున్నాడు. ఆ గొంతు వంకాయ దగ్గరే తారస్థాయికి వెళ్ళిపోయి, గోంగూర దాకా ఒక్క మెట్టు దిగదు. వంకాయలు కొనడానికి నాకు అభ్యంతరం లేదు. వాటి గురించి అంత ఆవేశం అవసరమా అన్నదే నా బాధ. మొన్న అతనితో అదే అన్నాను.

"పైకి అరిస్తేనే వింటారు సార్" అన్నాడు.

ఆ మాట నేను అతనికంటే నలభై ఏళ్ళ ముందే నమ్మాను.

గొంతు మారే వయసులో అందరికీ మారినట్టే నాకూ మారింది. అయితే నాది బావిలో జారిపడ్డ చేదలాగా అడుక్కి పోయి అక్కడే ఉండిపోయింది. మా నాన్న నందిగామలో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, మా చర్చిలో సంఘపెద్ద. క్వయర్లో నన్ను చివరి వరసలో గోడకి ఆనించి నిలబెట్టేవాళ్ళు. నేను పాడితే గోడ కూడా పాడుతుందని అమ్మ నలుగురికీ చెప్పుకునేది. గోడకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

డెబ్బైల మధ్యలో, బి.ఎ. పూర్తయిన ఏడాది, నందిగామ సెంటర్లో కదిలిపోతున్న బస్సుని చూసి "హోల్డాన్" అని కేకేశాను. బస్సు ఆగింది. ఎదురుగా వస్తున్న లారీ కూడా ఆగింది. బస్సులోంచి ఒక బక్కపల్చటి పెద్దాయన దిగి, "అరిచిందెవరయ్యా?" అన్నాడు. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఆయన జగ్గయ్యపేటలో ఉండే హార్మోనియం మాస్టారు, పద్యనాటకాలకి వాయిస్తాడు. మేమిద్దరం మాట్లాడుకుంటుండగా బస్సు వెళ్ళిపోయింది.

పద్యనాటకంలో రాజు వేషం వేసేవాడు నాలుగున్నర, ఐదు శ్రుతిలో పాడాలి. అంటే చాలా ఎత్తున. మైకులు లేని రోజుల్లో చివర కూర్చున్నవాడికి వినపడాలని ఎక్కిన ఎత్తు అది. మైకులొచ్చాక కూడా ఎవరూ దిగిరాలేదు. నా గొంతు ఒకటిన్నర. మాస్టారు నా చేత నాలుగు పద్యాలు పాడించుకుని, "నువ్వు ఎక్కబోకు అబ్బాయ్, నేనే దిగొస్తా" అన్నాడు. అన్నట్టే దిగొచ్చాడు. నేను పాడేటప్పుడల్లా శ్రుతి తగ్గించి వాయించేవాడు. మిగతా నటులు మొహాలు ముడుచుకునేవాళ్ళు.

మొదటి ఏడాది మంత్రి వేషం. "చిత్తం మహారాజా" అనడమే నా పని. మూడో ఏడాదికి నేనే మహారాజుని. పెనుగంచిప్రోలు, వీరులపాడు, మైలవరం, ఎక్కడ నాటకమున్నా కబురొచ్చేది. గోడ పోస్టర్ల మీద నా పేరు ముందు "గంభీర గాత్ర" అని వేశారు. మా నాన్న అది చదివి, "ఆదివారం పొద్దున గుళ్ళో ఉంటే చాలురా, శనివారం నువ్వు ఏ రాజ్యం ఏలుకున్నా నాకేం" అన్నాడు.

ఒక్కటే లోటు. నాకు వన్స్ మోర్ పడేది కాదు. మా వైపు నటుడి స్థాయిని వన్స్ మోర్లతోనే కొలుస్తారు. పడితే కాదనకూడదు. చచ్చిపోయిన వేషమైనా లేచి, మళ్ళీ పద్యం పాడి, మళ్ళీ చచ్చిపోవాలి. రెండోసారి రాగం మొదటిసారికంటే పొడుగ్గా ఉండాలి. నేను పద్యం ముగిస్తే మాత్రం జనం నిశ్శబ్దంగా కూర్చునేవాళ్ళు. ఎవరో ఒకరు ముక్కు చీదేవాళ్ళు. "అదేరా నీ వన్స్ మోర్" అనేవాడు మాస్టారు. నన్ను ఓదారుస్తున్నాడనుకునేవాణ్ణి.

ఎనభైల మొదట్లో, జగ్గయ్యపేటలో నాటక పోటీలకి గుంటూరు వైపు నుంచి ఒక కంట్రాక్టరు వస్తున్నాడని తెలిసింది. ఏడాది పొడవునా నాటకాలు ఆడించే మనిషి. ఒక్క నటుణ్ణి తీసుకుంటాడట. నాన్న బి.ఇడి. అప్లికేషను తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఆయన తీసుకుంటే వెళ్ళు. లేకపోతే దీనిమీద సంతకం పెట్టు. రాజుగా ఎన్నాళ్ళని మా అన్నం తింటావు?" న్యాయమైన మాట. నాకు ఆ గొంతు తప్ప చేతనైన పని ఇంకోటి లేదు. ఆ వారమంతా అన్నం సహించలేదు. చర్చిలో అందరూ దేశం కోసం ప్రార్థన చేస్తుంటే నేను కంట్రాక్టరు కోసం చేశాను.

అది చాలదనిపించి క్వయర్లో నా పక్కన పాడే నలుగురు స్నేహితుల్ని పిలిచాను. "పద్యం అయిన ప్రతిసారీ వన్స్ మోర్ అనండి" అన్నాను. ప్రతిసారీ అన్నాను. అదే నా చదువుకున్న బుర్ర చేసిన ఏర్పాటు.

మాది మొదటి నాటకం. ఇంకా వెలుతురుండగానే తెర లేచింది. ముందు వరసలో కంట్రాక్టరు, ఖద్దరు చొక్కా, ఒళ్ళో సంచీ. మొదటి పద్యం పాడాను. ఎప్పటిలాగే నిశ్శబ్దం పడబోయింది. పడనివ్వకుండా నలుగురూ ఒక్క గొంతుతో "వన్స్ మోర్!" అన్నారు. క్వయర్ క్రమశిక్షణ. మళ్ళీ పాడాను. మళ్ళీ అన్నారు. జనానికి ఈ ఆట నచ్చింది, వాళ్ళూ అందుకున్నారు. మూడోసారి పాడుతుంటే రాణి వేషం వేసినావిడ కొంగు చాటునుంచి, "తమ్ముడూ, ఇంకా పదకొండు పద్యాలున్నయ్" అంది.

నాలుగో పద్యానికి వెనకనుంచి ఎవడో, "రాజుగారూ, అన్నం తిన్లేదా? పైకెత్తండి!" అని అరిచాడు. నవ్వులు. రాజు వేషగాడు వేలు పైకి చూపిస్తే హార్మోనియం శ్రుతి పెంచాలి. అది స్టేజీ మర్యాద. నేను వేలు చూపించాను. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చూపించాను. హార్మోనియం మెట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. మూడోసారి జనమంతా చూసేట్టు చెయ్యెత్తి చూపించాను. ఆయన నా మొహంలోకి చూసి, శ్రుతి పెంచాడు.

చప్పట్లు పడ్డాయి. అన్ని చప్పట్లు నాకెప్పుడూ పడలేదు. ఇంకో రెండు పద్యాలు ఆ ఎత్తులోనే పాడాను, వన్స్ మోర్లతో కలిపి ఆరు. శ్మశానం సీనులో రాగం తీయబోతే గొంతులో ఏదో తెగినట్టయింది. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు. మాస్టారు ఆ పద్యం చివరిదాకా హార్మోనియం మీదే వాయించాడు. నేను పెదాలు కదిపాను. పద్యం అయింది.

"వన్స్ మోర్!" అన్నారు నా స్నేహితులు నలుగురూ.

కంట్రాక్టరు సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు.

బెజవాడలో డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, నెల రోజులు మాట్లాడొద్దన్నాడు. నాన్న తన స్కూలునుంచి ఒక పలక తెచ్చిచ్చాడు. మా ఇంట్లో అంత ప్రశాంతత అంతకుముందు లేదు. నెలయ్యాక తెల్లవారగానే మునేరు ఒడ్డుకి వెళ్ళి నోరు తెరిచేవాణ్ణి. గాలి వచ్చేది. మర్నాడు మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఆ రోజూ గాలే. అప్లికేషనుకి చివరి తేదీ దగ్గరపడుతోంది. అది బల్లమీదే ఉంది. నాన్న దానిమీద పెన్ను కూడా పెట్టాడు.

ఉండబట్టలేక ఒక పొద్దున బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళాను. మాస్టారు వసారాలో హార్మోనియం విప్పి మెట్లు తుడుస్తున్నాడు. కూర్చోమనలేదు. కూర్చున్నాను. మెట్లు తుడుస్తూనే ఆయన మొదలుపెట్టాడు.

"ఆ కంట్రాక్టరు ఎవరికోసం వచ్చాడనుకున్నావ్? నేను ఉత్తరం రాస్తే వచ్చాడు. ఐదు శ్రుతిలో అరిచేవాళ్ళు ఆయన దగ్గర ఆరుగురున్నారు. కింద పాడేవాడు ఒక్కడు కావాలన్నాడు." గుడ్డ దులిపాడు. "మొదటి పద్యం మొదటిసారి పాడినప్పుడు సంచీలోంచి అగ్రిమెంటు కాయితం తీశాడు. నువ్వు చెయ్యెత్తావు చూడు, అప్పుడు మడిచి లోపల పెట్టుకున్నాడు."

నేను పలక తీసి, బలపం విరిగితే చిన్న ముక్కతోనే రాశాను: "గొంతు మళ్ళీ వస్తుందా మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. పలక నా ఒళ్ళో పెట్టేశాడు.

"వస్తే వస్తుంది. వచ్చినా నేను వాయించను."