పక్కింటి డబ్బాలో మొక్క

నర్సీపట్నంలో మేము కాపురం పెట్టిన కొత్తలో మాది ఒక పొడవాటి పెంకుటింట్లో సగం వాటా. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. మిగతా సగంలో బడి పంతులుగారి కుటుంబం ఉండేది. నుయ్యి ఇద్దరికీ ఉమ్మడి. వసారా కూడా ఒక్కటే అయినా, నడుమెత్తు తడిక అడ్డం కట్టి రెండు చేశారు. తడికకి ఇవతల మేం ముగ్గురం, మా ఆయన, నేను, మా అత్తగారు. అవతల పంతులుగారు, ఆయన భార్య, ఆవిడ చంక దిగని పసిపిల్ల.

మా అత్తగారిది మాకవరపాలెం పక్క పల్లె. మామగారు పోయాక పొలం, ఇల్లు పెద్దకొడుక్కి అప్పగించి మా దగ్గరికి వచ్చేశారు. అక్కడ ఆవిడకి పెద్ద పెరడు, ఆనప పాదులు, గేదెలు ఉండేవి. ఇక్కడ నూతి చుట్టూ రాతి చప్టా తప్ప పిడికెడు మన్ను లేదు. పొద్దున్నే లేచి గుమ్మంలో నిలబడి, ఇప్పుడేం చెయ్యాలో తోచనట్టు చాలాసేపు ఉండిపోయేవారు. నాతో మాటలు తక్కువ. నాకూ ఆవిడతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

మన్యంలో గొడవలు సద్దుమణిగిన రోజులవి. వాటికోసం వచ్చిన ఆఫీసర్లు ఒక్కొక్కరే బదిలీ అయి వెళ్ళిపోతున్నారు. అలా వెళ్తున్న ఒకాయన భార్య తన వరండాలో కుండీలన్నీ పంచిపెడుతోందని తెలిసి నేనూ, పంతులుగారి భార్యా కలిసి వెళ్ళాం. మేం వెళ్ళేసరికి రంగురంగుల క్రోటన్లన్నీ పెద్ద ఉద్యోగుల ఇళ్ళకి చేరిపోయాయి. మూల ఒక్క కుండీ మిగిలింది. అందులో మొక్కకి ఆకులు దళసరిగా, కత్తుల్లా నిటారుగా ఉన్నాయి. వాటిమీద పాము ఒంటిమీద ఉన్నట్టు అడ్డచారలు. ఆవిడ దాన్ని రెండుగా విడదీసి మాకు చెరో పిలకా ఇచ్చి, "ఇది దేనికీ పేచీ పెట్టదమ్మా. ఇంట్లో నీడపట్టున ఉంచితే దాని పాటికి అదే బతుకుతుంది" అంది.

ఆ మాట నా చెవికి ఎక్కలేదు. నేను నలుగురు అక్కల తరవాత పుట్టినదాన్ని. నా పరికిణీలు, నా పలక, నా జడగంటలు అన్నీ ఎవరో ఒకరు వాడి వదిలేసినవే. నాదంటూ నా చేతికి వచ్చిన మొదటి ప్రాణి ఆ మొక్క. పుట్టింటివాళ్ళు ఆవకాయ పెట్టి పంపిన తెల్ల జాడీని శుభ్రంగా కడిగి, మన్ను నింపి, అందులో నాటాను. దారిన పోయేవాళ్ళకి కూడా కనబడేలా వసారాలో కిటికీ కింద పెట్టాను. పంతులుగారి భార్య ఖాళీ కిరసనాయిలు డబ్బాని సగానికి కోయించి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, తన పిలకని అందులో గుచ్చి, తడిక పక్కన పడేసింది. ఆ డబ్బా చూసి నాకు లోలోపల సంతోషంగానే ఉంది.

మర్నాడు మా అత్తగారు జాడీ దగ్గర వంగి మన్నులో వేలు పెట్టబోయారు.

"మీరు ముట్టుకోకండత్తా. దీన్ని నేను చూసుకుంటాను" అన్నాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అలాగేలే" అన్నారు.

ఇక నా చాకిరీ మొదలైంది. పొద్దున ఒక చెంబు నీళ్ళు, సాయంత్రం ఒక చెంబు. బియ్యం కడుగు ఒక్క చుక్క పారబోసేదాన్ని కాదు. తెలకపిండి నానబెట్టి ఆ నీళ్ళు పోసేదాన్ని. ఎవరో మంచిదంటే పేడనీళ్ళు కూడా పోశాను. ఆకులు తడిగుడ్డతో తుడిచేదాన్ని. "నాకంటే దానికే ఎక్కువ వడ్డిస్తున్నావు" అని మా ఆయన నవ్వేవారు.

వానలు వెనకబట్టేసరికి డబ్బాలో మొక్క చుట్టూ పిలకలు లేచాయి. ఆకులు తడిక దాటి మా వైపు తొంగిచూసే ఎత్తుకి వచ్చాయి. నా జాడీలోది తెచ్చిననాటి ఎత్తులోనే ఉంది. పైగా ఆకుల అంచులు పసుపు తిరిగాయి. ఒకనాడు కచేరీ హెడ్డు గుమాస్తాగారు మా ఇంటికి వచ్చి వసారాలో కూచున్నారు. మజ్జిగ తాగుతూ తడిక అవతలికి చూసి, "ఆ మొక్క ఏటండీ, భలే ఉందే" అన్నారు. నా జాడీ ఆయన మోచేతి పక్కనే ఉంది. ఆయన గ్లాసు పెట్టుకోవడానికి దాన్ని కాస్త పక్కకి జరిపారు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. పంతులుగారి భార్య దానికి ఏదో పోస్తోంది, నాకు చెప్పడం లేదు అనుకున్నాను. నూతి దగ్గర అడిగేశాను.

"ఏం వేస్తున్నావు దానికి?"

"నానేటి వేస్తాను వదినా? పిల్లదానికి పాలు పట్టడానికే నాకు తీరిక నేదు" అంది, బట్టలు ఉతుకుతూనే.

నేను నమ్మలేదు. ఆవిడ నన్ను వదినా అని ఎందుకు పిలుస్తోందో కూడా అప్పటికి ఆలోచించలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వసారాలోంచి నవ్వు వినిపించింది. ఎవరిదో పోల్చుకోలేకపోయాను. లేచి తడిక దగ్గరికి వెళ్ళి చూస్తే, అవతల మా అత్తగారు నేలమీద చతికిలబడి కూచుని ఉన్నారు. వేలు ఆ డబ్బాలో మన్నులో ఉంది. పంతులుగారి భార్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. పసిపిల్ల మా అత్తగారి ఒడిలో ఉంది.

"ఏలు లోపలికంటా పెట్టి సూడు" అంటున్నారు మా అత్తగారు. "సల్లగా తగిల్తే నీరొద్దు. పొడిగా ఉంటేనే పొయ్యాల. సలికాలం అసలు లేపకు, పడుకోనీ. ఏసంగి ముందు మాగిన పేడగెత్తం పిడికెడు, సిటికెడు బూడిద. అంతే దాని తిండి."

"బాగుందే అమ్మా! ఆకలని అడగదు, రాగం తియ్యదు. నీ మనవరాలు కూడా ఇలాగుంటే నేను రెండు పూటలా తిందును" అంది ఆవిడ.

మా అత్తగారు మళ్ళీ నవ్వారు. కళ్ళు తుడుచుకునేటంతగా నవ్వారు.

అమ్మా అంది. నీ మనవరాలు అంది. అందుకేనన్నమాట నేను వదిననయ్యాను. మా ఇంట్లో అత్తగారు అలా నవ్వగా నేను ఎన్నడూ వినలేదు. మొక్క మీద ఉన్న కుళ్ళు అంతా ఒక్క క్షణంలో ఆ నవ్వు మీదికి తిరిగింది.

సాయంత్రం ఆవిడ చేటలో బియ్యం చెరుగుతుంటే అడిగాను.

"పక్కింటి మొక్కకి సేవలు చేస్తున్నారా అత్తా?"

"సేవేటమ్మా. పిలిసింది, ఎల్లేను."

"మనింట్లో లేదా మొక్క?"

ఆవిడ చేట ఆపారు. "నువ్వే కదా ముట్టొద్దన్నావు. నీ వస్తువు నేనెందుకు ముడతాను?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

ఇల్లు మారిపోదామని మా ఆయన్ని పట్టుకున్నాను. ఆయన తెల్లబోయారు. "ఏటయింది నీకు? ఎండాకాలంలో కూడా ఎండని నుయ్యి ఇంకెక్కడ దొరుకుతుంది? అమ్మ కూడా ఈమధ్య కులాసాగా ఉంది. చూడలేదూ, రెండో మారు అన్నం పెట్టించుకుంటోంది" అన్నారు. చూశాను. అదే నా బాధ అని ఆయనకి ఎలా చెప్పను?

పంతులుగారి భార్య నూతి దగ్గర ఉంటే నేను వెళ్ళడం మానేశాను. పలకరిస్తే ముభావంగా ఊ అనేదాన్ని. ఆవిడకి ఇదేమీ పట్టినట్టు లేదు. ఉడకబెట్టిన చిలగడదుంపలో, తేగలో తడిక మీదుగా అందిస్తూనే ఉండేది. "అమ్మకి ఇయ్యి వదినా" అనేది. ఇచ్చేదాన్ని. ఇచ్చి వచ్చి జాడీలో ఇంకో చెంబు తెలకపిండి నీళ్ళు పోసేదాన్ని.

ఒకరోజు ఆకు తుడుస్తుంటే అది మొదలంటా ఊడి నా చేతిలోకి వచ్చేసింది. మొదలు మెత్తగా, ఉడికిన దుంపలా ఉంది. కుళ్ళు వాసన కొట్టింది. పక్క ఆకు పట్టుకుంటే అదీ వాలిపోయింది. నేను జాడీని లోపలికి తీసుకుపోయి ధాన్యం బస్తా వెనక పెట్టేశాను. తడిక అవతల నుంచి ఎవరూ చూడకూడదని నా తాపత్రయం. ఇంట్లో వాసన దాగలేదు. మా అత్తగారు ఆ గదిలోకి వచ్చి, పోయి, మళ్ళీ వచ్చి, కిటికీ రెక్కలు తెరిచి వెళ్ళారు.

చివరికి నేనే అన్నాను.

"అత్తా, ఒకసారి ఇది చూడండి."

"ముట్టుకోమంటావా?"

"ముట్టుకోండి."

ఆవిడ జాడీని పెరటి గుమ్మంలోకి మోసుకొచ్చి వొంచారు. నల్లటి నీళ్ళు బుడబుడా కారాయి. "కింద సిల్లు నేదు. నువ్వు పోసిందంతా ఎటు పోద్ది సెప్పు? పాపం, ఇన్నాళ్ళూ ఊబిలో నిలబడింది" అన్నారు. కుళ్ళిన ఆకులన్నీ తీసి పారేశారు. గట్టిగా ఉన్న ఆకు ఒక్కటే మిగిలింది. దాన్ని మంచిచోట కోసి, కోసినచోట తడి ఆరేదాకా నీడలో పడుకోబెట్టారు. తరవాత ఓటి కుండ అడుగున ఇంకో రంధ్రం పెట్టి, సగం ఇసుక కలిపిన మన్నులో గుచ్చారు. "ఇంక దీన్ని మరిసిపో. నేను సెప్పినదాకా నీరు పొయ్యకు" అన్నారు.

అంతకంటే కష్టమైన పని నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే నా చెయ్యి దానంతట అదే చెంబు అందుకునేది. మా అత్తగారు ఎక్కడున్నా కనిపెట్టేసేవారు. "సెంబు దించు!" అని గదమాయించేవారు. దించేసి ఆవిడ పక్కన కూచునేదాన్ని. ఊరికే కూచోలేక ఆవిడ పల్లెలో పెరడు గురించి అడిగేదాన్ని. ఆవిడ చెప్పేవారు. ఏ పాదు ఏ మూల ఉండేదో, ఏ ఏడు ఆనపకాయ చూరు మీంచి పడి మామగారి భుజానికి తగిలిందో చెప్పారు. ఎండలు ముదిరాక ఆ ఆకు పక్కన మన్ను చీల్చుకుని వేలి కొనంత పిలక లేచింది. మా అత్తగారు ముందు పక్కింటికి వెళ్ళి ఆ కబురు చెప్పివచ్చి, తరవాత దాన్ని నాకు చూపించారు. అది నాకు నచ్చలేదు.

ఆ వేసవి సెలవుల తరవాత పంతులుగారికి కోటవురట్ల బదిలీ అయింది. సామాను బండికెక్కించాక ఆవిడ మా అత్తగారిని వాటేసుకుని ఏడ్చింది. డబ్బా మొక్కని ఎవరికీ ఇవ్వలేదు, తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. బండి మలుపు తిరిగాక కూడా మా అత్తగారు వీధిలోనే నిలబడ్డారు. ఆ రాత్రి అన్నం వద్దన్నారు. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు అత్త ఒక్క పూటైనా పస్తు ఉన్నారా అని మా ఆయన్ని అడిగాను. ఆయన మజ్జిగ పోసుకున్నారు.

కొన్ని నెలల తరవాత ఒక సంతరోజున పంతులుగారి భార్య కోటవురట్ల నుంచి బండిలో వచ్చింది. పిల్ల అప్పటికి తప్పటడుగులు వేస్తోంది. వసారాలో చాప వేసుకుని ఆవిడా, మా అత్తగారూ కూచున్నారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతూంటే మాటలు, మధ్యమధ్య నవ్వులు వినబడుతున్నాయి. కాఫీ గ్లాసులు తెచ్చి ఇద్దరికీ ఇచ్చాను. లోపలికి పోబోయి, పోకుండా, వాళ్ళిద్దరి మధ్యా ఉన్న కాస్త చోటులో చాపమీద కూలబడ్డాను.

"వదినా, రవ్వంత జరగవా? అమ్మ మొకం అవుపడ్డం నేదు" అంది ఆవిడ.

నేను జరగలేదు.