తర్రెం నుంచి వచ్చిన మీటరు

కూర్మారావు చేతిలో పడితే చచ్చిన మీటరైనా లేచి కూర్చుంటుందని కిరందుల్ రైల్వే క్వార్టర్లలో ఒక మాట ఉండేది. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు గానీ, దాన్ని పెంచి పెద్దచేసింది మాత్రం కూర్మారావే. టెక్కలి పక్క పల్లెలో పుట్టి, విజయనగరంలో ఒక రేడియో షాపులో ఆరేళ్లు టంకం పొగ పీల్చి, కొండల మీదుగా ఇనుపరాయి లైను పడిన రోజుల్లో రైల్వేలో టెలిఫోన్లు బాగుచేసే పనికి చేరాడు. లైను ఎక్కడ ఆగిందో తనూ అక్కడే ఆగిపోయాడు. 1983 వానాకాలానికి అతనికి నలభై ఆరేళ్లు. ముక్కు మీద కళ్లజోడు, కళ్లజోడు మీద ఎర్రదుమ్ము.

డ్యూటీ దిగాక అతని లోకమంతా క్వార్టర్ వెనక వరండాలోనే. వాల్వులతో నడిచే వోల్ట్‌మీటరు, ఆకుపచ్చ తెర ఉన్న ఆసిలోస్కోపు, పిడి పట్టుకుని తిప్పే మెగ్గరు, ఎవరో తుక్కు కింద పారేసినవన్నీ అక్కడ గోడ పొడవునా కొలువుండేవి. ఒక్కోదాన్నీ విప్పి, స్పిరిట్‌తో కడిగి, ఎండిపోయిన భాగాలు మార్చి, ముల్లు సున్నా మీద బుద్ధిగా నిలబడేదాకా వదిలేవాడు కాదు. పని పూర్తయ్యాక మూత లోపలివైపు పెన్సిల్‌తో తన పొడి అక్షరాలు, తేదీ రాసుకునేవాడు. బయట రాస్తే గొప్పలు పోయినట్టుంటుందట, లోపల రాస్తే ఫరవాలేదట. పెళ్లాం మొహం కన్నా ఈ పెట్టెల మొహాలే ఎక్కువ చూస్తాడని భార్య వరహాలమ్మ వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. ఊరి పైన కొండ మీది ఇనుపరాయి గనికి సొంత వర్క్‌షాపు ఉన్నా, చిక్కుపని పడితే వాళ్లూ ఇతని వరండాకే పంపేవారు.

ఆగస్టులో ఒక వారపు అంగడి రోజు, వాన కాస్త తెరిపిచ్చిన వేళ ఒకావిడ వెనక గుమ్మం దగ్గర నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. పేరు నందే అని, తర్రెం దగ్గర ఊరని చెప్పింది. రెండు బస్సులు మారి, వాగు దాటి వచ్చింది. చేతుల్లో పాత తువ్వాలులో చుట్టిన ఒక మీటరుంది. అరచేతి కన్నా కాస్త పెద్దది, ఒక పక్క కాలి నల్లబడింది, అద్దం పగిలింది, మరలు తుప్పుపట్టి పెట్టె ఒంటితో ఏకమైపోయాయి.

బాగుచెయ్యాలా అని కూర్మారావు అడిగాడు.

"బాగుచెయ్యమని రాలే అన్నా" అంది నందే. "ఆపమని వచ్చిన."

ఆమె చెప్పింది ఇదీ. ఆమె మొగుడు భీమా కొండ మీద గనిలో మందుగుండు తీగలు కలిపే పని చేసేవాడు. మందు పేల్చే ముందు ఈ మీటరును ఆ రెండు తీగలకూ తాకించి చూడటం అతని వంతు. ముల్లు లేస్తే తీగ ఎక్కడా తెగలేదని అర్థం. తర్వాత అందరూ దూరం వెళ్లిపోవాలి, రెండింటికి సైరన్ కూయాలి, అప్పుడు పేల్చాలి. రెండేళ్ల కిందట ఒక రోజు సైరన్ కూయకముందే మందు పేలింది. భీమా బీడీ కాల్చుకుంటూ మందు దగ్గరికి పోయాడని కాగితం మీద రాశారు. ఆ రాత ఊరికీ చేరింది. పోయిన ప్రతివాడి పేరునా అక్కడ ఒక రాయి నిలబెడతారు. చేజేతులా చావు తెచ్చుకున్నవాడి రాయి పెద్దల రాళ్ల మధ్య నిలబెట్టకూడదని వాళ్ల ఊరి కట్టు. అందుకని భీమా రాయిని వాగు అవతల ఒంటరిగా పాతారు. చనిపోయినవాడి వస్తువులు రాయి దగ్గర పెట్టడం అక్కడి ఆచారం. అతని గొడ్డలి, గొడుగు పెట్టారు. పనివాళ్లు తెచ్చిచ్చిన ఈ మీటరునూ రాయికి వేలాడదీశారు.

ఈ ఎండాకాలం నుంచి, రోజూ మధ్యాహ్నం, పొద్దు కాస్త వాలే వేళకు ముల్లు లేస్తోంది. పశువుల కాపర్లు చూసి పరిగెత్తారు. భీమా తోడు కోసం పిలుస్తున్నాడని, కొత్త పంట తినే కొత్తల పండుగ లోపు ఇది ఆగకపోతే రాయి పెరికి అడవిలో పారెయ్యాలని ఊరి పెద్ద మాసా తేల్చేశాడు. రాయి పోతే ఇక అతనికి ఈ లోకంలో చోటు లేనట్టే.

"మా ఆయన బీడీ తాగడు అన్నా" అంది చివర్లో. "ఎవ్వరూ ఇనరు."

కూర్మారావు తన వోల్ట్‌మీటరు తీగలు దానికి తాకించాడు. సున్నా. లోపల ప్రాణం లేదు. పొడిగుడ్డతో తుడిస్తే అద్దం మీద విద్యుత్తు పుట్టి ముల్లు కదులుతుందని, పాత మీటర్లకు ఇలాంటి వేషాలు మామూలేనని ఆమెకు ధైర్యం చెప్పాడు. వచ్చే అంగడికి తీసుకుపొమ్మన్నాడు. మధ్యాహ్నం పూట దాన్ని ఒంటరిగా వదలొద్దని చెప్పి ఆమె వెళ్లిపోయింది. అతను నవ్వుకున్నాడు. మరల మీద కిరోసిన్ పోసి నానబెట్టాడు.

మర్నాడు అతనికి సెలవు. భోజనం చేసి వరండాలో కూర్చున్నాడు. వాన లేదు, గాలి లేదు, వీధిలో మనిషి లేడు. రెండింటికి ఐదు నిమిషాలుందనగా ముల్లు లేచింది. ఉలిక్కిపడ్డట్టు కాదు, ఎవరో నెమ్మదిగా తీగలు తాకించినట్టు లేచింది. వోల్ట్‌మీటరు చూస్తే సున్నా. తర్వాత కొండ మీద సైరన్ కూసింది, దూరంగా నేల దడదడమంది, ముల్లు దిగిపోయింది. రెండు మీటర్లు చెరో మాట చెబితే అందులో ఒకటి అబద్ధమాడుతున్నట్టేనని అతని శాస్త్రం. ఏది అబద్ధమాడుతోందో అతను తేల్చుకోలేకపోయాడు.

సోమవారం అతను డ్యూటీలో ఉండగా వరహాలమ్మ చూసింది. చూసి, దాని మీద పసుపుగుడ్డ కప్పి, సాయంత్రం దాకా వీధి అరుగు మీదే కూర్చుంది. మొగుడు రాగానే ఆవిడ చెప్పింది ముల్లు సంగతి కాదు.

"వొంటగదిలోకెల్తే ఎనకాల వరండాలో మనిసి నిలబడ్డట్టుందండీ. ఏటీ అడగడు. అలా నిలబడతాడు, అంతే."

మంగళవారం కూర్మారావు సగంపూట సెలవు పెట్టాడు. చుట్టుపక్కల పెద్ద తీగల ప్రభావమేమో చూద్దామని మీటరును ఇనపపెట్టెలో పెట్టి మూత వేసి, పక్కనే కూర్చున్నాడు. ఇనుము లోపలికి ఏ ప్రభావమూ పోదని అతని నమ్మకం. రెండింటికి ఐదు నిమిషాలుందనగా పెట్టెలో 'టిక్' మని చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. ముల్లు చివరిదాకా పోయి అడ్డుపుల్లకు తగిలే చప్పుడది. రెండు తీగలనూ ఒకదానికొకటి కలిపి గట్టిగా పట్టుకుంటే తప్ప ముల్లు అంతదూరం పోదు. మూత తీసి చూడాలని చెయ్యి చాచాడు గానీ, సైరన్ కూసి ఆగిపోయేదాకా ఆ చెయ్యి మూత మీదే ఉండిపోయింది.

బుధవారం పొద్దున డ్యూటీకి పోలేదు. కిరోసిన్‌కి మరలు లొంగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. వెనక మూత ఊడింది. లోపల సెల్ కుళ్లి తెల్లటి పొడి అయింది. చీమను కదిలించే బలం కూడా లేదు. ముల్లును కదిలించింది ఇది కాదని తేలిపోయింది. మూతను వెలుగుకు తిప్పాడు. లోపలివైపు పెన్సిల్ రాత ఉంది. కూ.రా., 12-6-81.

అతను మూతను బల్ల మీద పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. రాత మారలేదు.

ఇక మిగతాది చదవడానికి అతనికి కళ్లజోడు కూడా అక్కర్లేదు. ఇలాంటి మీటర్లలో ఒక ప్రత్యేకమైన సెల్ వేస్తారు. అది ఎంత నీరసమైనదంటే, లోపల అన్నీ తెగి కలిసిపోయినా మందును పేల్చేంత కరెంటు దాన్లోంచి రాదు. నీరసంగా ఉండటమే దాని ఉద్యోగం. ఆ సంగతి అప్పుడు అతనికి తట్టలేదు. ఆ సెల్ దొరక్క నెలలు గడుస్తుంటే, తయారుచేసినవాడు పిసినారై ఉంటాడనుకుని మామూలు టార్చి సెల్ వేశాడు. మిగులు బలాన్ని ఆపడానికి ఒక రెసిస్టర్ టంకించాడు. ముల్లు సూదిలా నిలబడింది, గని వాళ్లు భలే అన్నారు. ఇప్పుడు ఆ టంకం చెమ్మకు లేచిపోయి ఉంది. రెసిస్టర్ కాలు ఊడి పక్క బొడిపె మీద ఒరిగి, కరెంటుకు అడ్డులేని దారి ఇచ్చింది. ఆ రోజు టార్చి సెల్ బలమంతా ఆపేవాడు లేక తీగల్లోకి, తీగల్లోంచి మందులోకి పోయింది. భీమా బీడీ కాల్చలేదు. తన పని తను సరిగ్గా చేశాడు.

అతను ఇదంతా పైకే గొణుక్కుంటుంటే వరహాలమ్మ వెనక నిలబడి విన్నది. ఆవిడ చెడ్డది కాదు, భయస్తురాలు.

"సెరిపేయండి" అంది మెల్లగా. "ఎవులడగొచ్చారు? ఈ ఊళ్లో మనకున్నది ఆ పేరొక్కటే గదా."

నిజమే. పొలం లేదు, పుట్ర లేదు, పిల్లలు కలగలేదు. ఉన్నది ఆ చేతికున్న పేరే. కూర్మారావు బ్లేడు తీసుకుని మూత మీద ఆన్చి గీకాడు. 'కూ' పోయింది. 'రా' దగ్గరకు వస్తుండగా బల్ల మీద ముల్లు లేచింది. సెల్ అరలో పొడి కూడా లేదు, అంతా దులిపేశాడు. అయినా లేచి చివరిదాకా పోయి నిలబడింది. సైరన్ కూసింది. కొండ దడదడలాడింది. రోజూలా దిగలేదు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, ముల్లు అక్కడే వణక్కుండా నిలబడి ఉంది. వరండా మెట్టు మీద నీడ లేదు, కానీ అక్కడ పడాల్సిన వెలుతురు కూడా లేదు. కూర్మారావు బ్లేడు కింద పెట్టాడు. అప్పుడు ముల్లు దిగింది.

అతనికి భయమేసింది. భయం కన్నా ఎక్కువ సిగ్గేసింది. ఇన్నాళ్లూ పాత పెట్టెలకు ప్రాణం పోస్తున్నానని మురిసిన మనిషి, ఒక ప్రాణం తీసి దాని కింద సంతకం పెట్టాడు.

అంగడి రోజు నందే వచ్చింది. ఆపేశావా అన్నా అని అడిగింది. ఆపడం తన వల్ల కాదని, మీ ఊరికొచ్చి ఒక మాట చెప్పాలని అన్నాడు. ఏం మాటని ఆమె అడగలేదు. బీజాపూర్ దాకా ఒక బస్సు, బాసగూడ దాకా ఇంకో బస్సు, అక్కడి నుంచి బురదలో నడక. దారంతా మీటరు అతని ఒళ్లోనే ఉంది.

మర్నాడు పొద్దున మాసా ముందు, భీమా అన్నదమ్ముల ముందు నిలబడ్డాడు. దారిలో అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. తను పుట్టిన ఊరి యాసే మిగిలింది.

"భీమా తప్పేటీ నేదు. ఈ పెట్టె బాగుసేసింది నాను. ఎయ్యకూడని సెల్లు ఏసినాను. మందు పేలింది దానివల్లే."

నందే ఆ మాటల్ని తమ దోర్లీ భాషలో చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతు ఎక్కడా ఆగలేదు. భీమా తమ్ముడు ఒక అడుగు ముందుకు వేసి, మాసా చెయ్యి ఎత్తితే ఆగాడు. మాసా మూత అడిగి తీసుకున్నాడు. చదువు రాదు, మిగిలిన ఆ అక్షరం మీద బొటనవేలు పెట్టి తడిమాడు. తర్వాత వాగు వైపు చూసి, రాయి ఇటు రావాలని, దాన్ని అటు పంపినవాడు కూడా భుజం పెట్టాలని అన్నాడు.

ఎనిమిది మంది రాయిని పెకలించి, దుంగలకు తాళ్లతో కట్టి వాగు దాటించారు. కూర్మారావు మోకాళ్లదాకా నీళ్లలో రెండుసార్లు జారి, రెండుసార్లూ భుజం వదల్లేదు. పెద్దల రాళ్ల మధ్య గొయ్యి తవ్వి భీమా రాయి నిలబెట్టేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఆకు దొన్నెలో ఇప్పసారా అతనికీ ఇచ్చారు. రెండేళ్లుగా తనకే తెలియకుండా మోస్తున్న బరువు దిగినట్టనిపించి, అతను చెట్టుకు ఆనుకుని కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

నందే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె ఏడవలేదు. అతను తుడుచుకునేదాకా ఆగింది.

"అన్నా, ఇట్లాంటియి ఇంకెన్ని బాగుచేసినవ్?"

కూర్మారావు దొన్నె కింద పెట్టాడు. ఆ జూన్‌లో గని వాళ్లు ఒకే బుట్టలో పంపారు. ఒకే ఆదివారం అన్నింటికీ టార్చి సెల్లు వేశాడు.

"నాలుగు" అన్నాడు. "మిగతా మూడూ కొండ మీదే ఉన్నాయమ్మా."

బాసగూడలో బస్సు మళ్లీ రేపు పొద్దునకే. తర్రెంలో టెలిఫోన్ లేదు, గనికి కబురు పంపాలంటే బీజాపూర్ చేరాల్సిందే. నందే లేచి మరిదికేదో చెప్పి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

"నడువు" అంది. "బీజాపూర్‌కి అడ్డదారి నాకెరుకే."

చేతుల బురద కడుక్కోకుండానే కూర్మారావు ఆమె వెనక అడవిలోకి నడిచాడు.