బావమరిది ఇచ్చిన గేమింగ్ కీబోర్డు

ఊరికే వచ్చే వస్తువంటే నాకు భయం. అది మా బావమరిది చేతుల మీదుగా వస్తే మరీ భయం. శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్‌కి కాస్త అవతల వాడికో కంప్యూటర్ల దుకాణం ఉంది. నా పెళ్లయిన నాటి నుంచీ మేమిద్దరం ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే తప్ప తిన్నగా మాట్లాడుకున్నది లేదు. మొదటి పండక్కి నాకు గారెల్లో దూది పెట్టి వడ్డించాడు. వాడి పెళ్లిలో నేను పానకంలో ఉప్పు కలిపించాను. మా వైపు బావా బావమరుదులంటే అంతే. మర్యాదగా మాట్లాడుకుంటే, వీళ్లకేదో గొడవైందని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు.

అలాంటివాడు ఓ సాయంత్రం పొడవాటి అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఏట్రా అది?" అన్నాను.

"కీబోర్డు బావా. గేమింగుది. వాడి సూడు."

"ఈ వయసులో నేను గేములాడాలా?"

"ఆడక్కర్నేదు. టైపే కొట్టుకో. మెత్తగా ఉంటాది. నాకేటీ ఇవ్వక్కర్నేదు."

ఆ ఆఖరి మాటతో నాకు అనుమానం మొదలైంది. వాడు టీ తాగి వెళ్లిపోగానే పెట్టెను దీపం కిందకి తీసుకెళ్లి చూశాను. పాత టేపు మీద కొత్త టేపు అంటించి ఉంది. ధర ఉండాల్సిన చోట గోటితో గీకేసిన గుర్తు. ఎవరో కొనుక్కెళ్లి, నచ్చక తిప్పి ఇచ్చేసిన సరుకని తేల్చుకున్నాను. అమ్ముడుపోనిది అక్క మొగుడికి అంటగట్టాడన్నమాట.

ఇంతకీ నా పని టైపు కొట్టడం. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పరిశోధన చేసేవాళ్లు తమ తెలుగు సిద్ధాంత గ్రంథాలు నాకు తెచ్చిస్తారు. ఆ కాగితాల్లో అర్థం కాని రాత ఎంతున్నా, నా దగ్గర్నుంచి వెళ్లేటప్పుడు అక్షరం పొల్లు పోదు. తప్పుల్లేకుండా కొడతాడన్న పేరు తప్ప నాకు వేరే ఆస్తి లేదు. ఆ పేరు పోతే ఇంక నా గుమ్మం ఎవరూ తొక్కరు. కాబట్టి ఎవరో ఏదో ఇచ్చారని దాని మీద వేళ్లు పెట్టేసే రకం కాదు నేను.

తీగ తగిలించగానే అమ్మవారి సంబరానికి కట్టిన సీరియల్ లైట్లలాగ దాని ఒళ్లంతా రంగులు పరుగెత్తాయి. మా ఆవిడ చూసి ముచ్చటపడి, దేవుడి గదిలో పెట్టుకుందామంది. ఆ దీపాలు ఆర్పడం నాకు తెలియలేదు. వాడికి ఫోన్ చేసి అడిగి, పనిలో పనిగా పెట్టె మీద రాసి ఉన్న ఆ మెంబ్రేన్ ఏమిటో కూడా అడిగాను.

"లోపల రబ్బరు పొర ఉంటాది బావా. మీట నొక్కితే పొర కిందకి దిగి తగులుతాది, అక్షరం పడతాది."

"పొరంటే ఎన్నాళ్లుంటుంది? చిరిగిపోదూ?"

"నువ్వు సిరిగిందాకా ఉంటాది," అని పెట్టేశాడు.

ఒకటి ఒప్పుకోవాలి. సుఖంగానే ఉంది. మణికట్టు ఆన్చుకోవడానికి ముందు వెడల్పాటి అంచు ఉంది. మీట మీద వేలు పెడితే మెత్తగా దిగి, చప్పుడు లేకుండా పైకి వస్తుంది. పాత కీబోర్డు మీద పొద్దున్నుంచీ కొడితే సాయంత్రానికి కుడి చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కేది. దీని మీద ఆ తిమ్మిరి కొంచెం తగ్గింది. తగ్గినందుకు సంతోషించాల్సింది పోయి, ఇంత మెత్తటిది ఎక్కువ రోజులు మన్నదని ఇంకో అనుమానం పెంచుకున్నాను. టైపు మిషన్ మీద నేర్చుకున్నవాణ్ని, మీట అంటే ఎదురుతిరగాలి నాకు.

ఇంక దాన్ని పెట్టని బాధ లేదు. మిషన్ మీద కొట్టినట్టు దబదబా కొట్టాను. తలకిందులు చేసి దులిపాను. తడిగుడ్డకి కొబ్బరినూనె అద్ది అక్షరాల మీద రుద్దాను. ఒక్కటీ చెరగలేదు. ధర సంగతి తేల్చుకుందామని ఊళ్లో ఇంకో దుకాణానికెళ్లి, ఎవరో కొనమన్నారన్నట్టు ఆ రకం పేరు చెప్పి అడిగాను. పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుందన్నాడు ఆయన. దుకాణాలవాళ్లంతా ఒకటే అనుకుంటూ ఇంటికొచ్చేశాను.

దొంగ ఎప్పుడు దొరుకుతాడా అని చూస్తుంటే, చివరికి ఎచ్చెర్ల నుంచి ఫోన్ వచ్చింది. శాసనాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. "సార్, రెండో అధ్యాయంలో సాలా చోట్ల అచ్చరాలు నేవండి. చరిత్ర అంతా రిత్ర అయిపోనాది," అంది. కాగితం మీంచి చూపు తిప్పకుండా కొట్టి, మళ్లీ చదువుకోకుండానే పంపేయడం నా అలవాటు; ఇప్పుడు తెరిచి చూసుకున్నాను. చ ఉండాల్సిన చోట చ లేదు. ట, జ, డలు కూడా అక్కడక్కడ ఎగిరిపోయాయి. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది గానీ, నిజం చెప్పాలంటే దాని వెనకే సంతోషం కూడా వేసింది. దొరికిపోయాడు.

"మీ తమ్ముడిచ్చిన నాసిరకం సరుకు నా పరువు తీసింది," అన్నాను మా ఆవిడతో.

"వాడు మీకు సెడ్డ సేస్తాడేటండీ?" అంది తను.

అప్పటికప్పుడు కీబోర్డు పెట్టెలో పెట్టి, బండెక్కి దుకాణానికెళ్లి, వాడి కౌంటర్ మీద పడేశాను. "నీ రబ్బరు పొర చిరిగింది, ఇదుగో," అన్నాను. ఏదో వెక్కిరిస్తాడని ఎదురుచూశాను. వాడు పెట్టె విప్పాడు. కీబోర్డు తగిలించి, చ, ట, జ, డలు వరసగా కొట్టాడు. అన్నీ పడ్డాయి.

"ఇప్పుడు నువ్వు కొట్టు బావా."

కూర్చుని, మామూలుగా నా పనిలో కొట్టినట్టే ఒక పేరా కొట్టాను. చరిత్ర మళ్లీ రిత్ర అయింది. వాడు లోపలి నుంచి టకటకమని మోగే ఖరీదైన కీబోర్డు తెచ్చి పెట్టాడు. అదే రిత్ర. బిల్లులు కొట్టుకునే పాతది పీకి తెచ్చాడు. దాని మీదా అదే. అప్పటికీ నా అనుమానం చావలేదు. వీడు కంప్యూటర్లోనే ఏదో మతలబు పెట్టాడనుకుని, పక్క కంప్యూటర్ ముందుకి జరిగి కూర్చున్నాను. అక్కడా చ పడలేదు. నేను తెలుగు కొట్టే అక్షరాల అమరికలో ఆ నాలుగు అక్షరాలూ కుడి చిటికెన వేలి వంతు. ఆ మాట అప్పుడు గానీ నాకు తట్టలేదు.

తలెత్తి చూస్తే వాడు నా వేలినే చూస్తున్నాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"శ్రీకూర్మంలో మా పాపకి పుట్టెంట్రుకలు తీయించినాం కదా, ఆ రోజు సూసినాను. బోజనాల బంతిలో నాకు ఎదురుగా కూకున్నావు. నువ్వు అన్నం కలుపుతుంటే సిటికెనేలు కదల్నేదు బావా. పక్కకి అలాగ ఉండిపోనాది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదరా?"

"సెప్తే నమ్ముతావేటి? ఏడిపిస్తన్నానంటావు. అక్కకి సెప్తే అది బెంగెట్టుకుంటాది. మెత్తటిదైతే కొన్నాళ్లు లాగుతాదనుకున్నాను. కొత్తదే తెచ్చి, మీటలు ఎలాగున్నాయో సూసి మళ్లీ టేపేసినాను. ధర సూస్తే నువ్వు పుచ్చుకోవని గీకేసినాను."

ఇన్నేళ్లలో వాడు నాతో నవ్వకుండా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. వాడు ఇప్పటికైనా పకపకా నవ్వి, అంతా ఉత్తదేనంటే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

వాడు నవ్వలేదు. తన అరచెయ్యి చాపి కౌంటర్ మీద పెట్టాడు.

"ఆ ఏలు ఇందులో పెట్టి నొక్కు బావా. ఎంత బలముంటే అంత."

చిటికెన వేలు వాడి అరచేతిలో పెట్టాను. పళ్లు బిగించి, భుజంలో ఉన్న సత్తువ కూడా దాంట్లోకి తెచ్చుకుని నొక్కాను. వాడు నా ముఖంలోకి చూస్తూ ఓపిగ్గా కూర్చున్నాడు.

"నొక్కు బావా," అన్నాడు మళ్లీ, నేనింకా మొదలుపెట్టలేదనుకుని.