పిట్టకు పెట్టిన పొగ విస్కీ

విస్కీని మానవజాతి ఎప్పుడు కనిపెట్టిందో గానీ, ఇబ్రహీంపట్నంలో కనిపెట్టినవాడు మాత్రం దావత్ వంటల ఎల్లస్వామి. అంతకుముందు ఇక్కడ విస్కీ లేదని కాదు. సాయంత్రం ఏ వైన్స్ ముందు నిలబడినా ఎంత ఉందో తెలుస్తుంది. అయితే అది క్వార్టరు, హాఫు, ఫుల్లు అనే మూడు జాతులుగానే ఉండేది. దానికొక వాసన ఉంటుందని, మింగే ముందు నోట్లో కాసేపు కూర్చోబెట్టి మర్యాద చేయాలని ఎవరికీ తట్టలేదు.

ఎల్లస్వామి తలకాయ కూర, బోటి, కార్జం వేపుడు వండేవాడు. సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్లు, వాటి వెనక ఫామ్‌హౌస్‌లు పుట్టుకొచ్చాక అతనికి శనివారాలు ఖాళీ లేదు. పట్నం నుంచి కార్లు దిగేవి, కార్లలోంచి అట్టపెట్టెల్లో సీసాలు దిగేవి. అంత గొప్ప సీసాల్లోకి ఆ పెద్దమనుషులు కూల్‌డ్రింకు కలుపుతుంటే, దమ్ బిర్యానీలో ఎవరో నీళ్లు పోసినట్టు బాధపడుతూ చూసేవాడు. చివరికి సీసా అడుగున మిగిలింది వంటవాడికి దక్కేది. కూర వాసన చూసి ఉప్పు చెప్పే ముక్కు అతనిది. రెండు చుక్కల నీళ్లు పోసుకుని, గ్లాసు ముక్కు కింద పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు.

కనిపెట్టినవాడికి చెప్పుకునేందుకు ఒక మనిషి కావాలి. తాగేవాళ్లకు చెబితే వినరు, గ్లాసు లాక్కుంటారు. అందుకని మటన్ దుకాణం ఖలీల్‌కు చెప్పేవాడు. ఖలీల్ పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టనివాడు.

"నిన్నటిది ఎట్లుండెనో ఎరికేనా ఖలీల్ భాయ్? పాత బీరువ తలుపు తీసినట్లు. లోపట ఎవరో కిస్‌మిస్ డబ్బ మర్చిపోయిన్రు."

"తాగినవా ఎల్లన్నా, సామాన్లు సదిరినవా?" అనేవాడు ఖలీల్, కత్తి ఆపకుండా.

అమెరికాది కొత్త తలుపు చెక్కకు బెల్లం పాకం పూసినట్టుంది. జపాన్‌ది మంచి చుట్టం లెక్క, ఉన్నప్పుడు ఏం తెలవదు, పోయినంక యాదికొస్తది. ఇట్లా ఏడాది పొడుగునా ఖలీల్ ప్రపంచంలోని విస్కీలన్నీ చెవులతో తాగాడు.

ఒకనాడు ఎల్లస్వామి మాట్లాడకుండా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఏమైందన్నా?"

"దొరికింది భాయ్. పొగది. సర్కారు దవాఖాన కాలిపోతుంటె, వాన పడి ఆర్పినట్లుంటది."

"తోబా. గది గూడ తాగుతరా?"

"గదే తాగాలె."

స్కాట్లాండ్‌లో ఏదో దీవిలో బురద మట్టిని ఎండబెట్టి, తగలబెట్టి, ఆ పొగను గింజలకు పట్టిస్తారని ఫామ్‌హౌస్ ఆసామి చెప్పాడట. పావు వంతు మిగిలిన ఆ సీసాను ఎల్లస్వామి అడిగి తెచ్చుకున్నాడు. బియ్యం డబ్బాలో దాచాడు. తాగడానికి కాదు. అప్పుడప్పుడు మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేసేవాడు. భార్య నర్మద ఆ సీసాను ముట్టుకునేది కాదు. బియ్యం మాత్రం పక్కనుంచి తీసుకునేది.

ఇక్కడితో ఆగితే ఇది ఒక రసికుడి కథ అయ్యేది. శనివారం రెండు చుక్కల నీళ్లతో విస్కీని గౌరవించినవాడు మిగతా వారమంతా వైన్స్ వెనక నిలబడి, క్వార్టరును మూతి తుడుచుకోకుండా దించేవాడు. ఆరాధన వేరు, అలవాటు వేరు. ఈ తేడా కార్జానికి తెలియదు. దానికి ముక్కు లేదు. ఊరందరికీ కార్జం వేపి పెట్టినవాడికి తన కార్జం సంగతి స్కానింగ్ తీసేదాకా తెలియలేదు.

కళ్లు పసుపయ్యాయి, పొట్ట ఉబ్బింది. చివరికి నూనె వాసనకే వాంతి వచ్చి గరిటె వదిలేశాడు. దవాఖానలో పడ్డాక ఒక మధ్యాహ్నం నర్మదను దగ్గరికి పిలిచాడు.

"బియ్యం డబ్బల సీస తెస్తవా? తాగను. జర మూత తీసి ముక్కుకాడ పెట్టు."

"చుక్క తగిలినా బతకవన్నడు డాక్టర్."

"వాసనకు గూడనా?"

"నీకు వాసనతోనే మొదలైంది."

ఎల్లస్వామి నవ్వాడు. మంచి మాట అన్నదని ఒప్పుకున్నట్టు తల ఊపాడు. మళ్లీ అడగలేదు. ఆ వారంలోనే పోయాడు. ఇంకోసారి అడిగి ఉంటే ఆమె మళ్లీ కాదని, ఆ తర్వాత మరిచిపోయేదేమో. అడగకపోవడంతో ఆ మాట ఆమెలోనే ఉండిపోయింది.

మూడో నాడు పిట్టకు పెట్టుడు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి బొంద మీద విస్తరి వేయాలి, కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా చుట్టాలకు కూడు లేదు. ముట్టకపోతే పోయినవాడికి కోరిక తీరలేదని అర్థం. పెద్ద చెరువు వెనక బొంద దగ్గర బోటి, గారెలు, బీడీలు అన్నీ పెట్టారు. తమ్ముడు సంజీవ వైన్స్‌లో దొరికేవాటిలో మంచిది తెచ్చి గ్లాసు నిండా పోశాడు.

తుమ్మ చెట్టు మీద కాకులు నిండు సభలా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

ఎండ ఎక్కింది. ఎవరో "మాటియ్యున్రి" అన్నారు. సంజీవ బొంద ముందు నిలబడి, వదినను బాగా చూసుకుంటానని మాట ఇచ్చాడు. కాకులు కదల్లేదు. ఇంకో బ్రాండు తెప్పించారు. అదీ కాదు. ఒక పెద్దాయన సలహా మీద సోడా కలిపారు. సోడా చూసి కాకులు అవతలి చెట్టుకు వెళ్లిపోయాయి.

"బతికినన్ని దినాలు గిన్ని నఖరాలు చెయ్యలేదు గద అన్న," అన్నాడు సంజీవ, ఆకలి మీద.

దూరంగా నిలబడ్డ ఖలీల్ మెల్లగా నర్మద పక్కకు వచ్చాడు. "వదినా, గిది గాదు. పొగది."

"తాగనోనివి, నీకేం ఎరిక భాయ్?" అన్నాడు సంజీవ.

"తాగనోనికే చెప్పిండు. తాగెటోళ్లు యాడ వింటరు?"

"నాకెరికే," అంది నర్మద. పొద్దున్నుంచీ ఆమెకు తెలుసు. లేచి ఇంటికి వెళ్లి, సీసా కొంగులో చుట్టి తెచ్చింది. గ్లాసు కడిగింది. ఆ మూత తీయడం ఆమెకు అదే మొదటిసారి. తీసి, అట్లాగే ఆగిపోయింది. తర్వాత కొంచెం పోసి, రెండు చుక్కల నీళ్లు కలిపి, విస్తరి పక్కన పెట్టింది.

చాలాసేపటికి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ తిరిగి, బోటి ముక్క ఒకటి ముక్కున కరుచుకుని, గ్లాసును కాలితో తన్ని ఎగిరిపోయింది. "ముట్టింది, ముట్టింది," అంటూ జనం దుమ్ము దులుపుకుని భోజనాలకు లేచారు. విస్కీ మట్టిలోకి ఇంకింది.

నర్మద లేవలేదు. ఖలీల్ నిలబడే ఉన్నాడు.

"ఖలీల్ భాయ్, గీ వాసన దవాఖానల వార్డంత ఉండె గద. ఆ పట్టీలు, ఆ మందులు, గిదే వాసన." ఆమె తల ఎత్తలేదు. "అంటె ఆయనకు అందినట్లే గద. నేను తేకున్నా."

ఆ రెండు వాసనలకూ తేడా ఎల్లన్న నిద్రలో కూడా చెప్పగలిగేవాడని ఖలీల్‌కు తెలుసు. ఒకదాంట్లో పొగ ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు.

"అవ్ వదినా," అన్నాడు. "గదే వాసన."