మచ్చ కనపడని ఫొటోలు

మా బావ ఫొటోగ్రాఫర్. ఆయన దగ్గరో పాత లెన్సుంది. దాని లోపలి రెక్కలు పూర్తిగా తెరిచి తీస్తే ముడతలు, మొటిమలు, మచ్చలు అన్నీ పొగమంచులో కలిసిపోతాయి. రెక్కలు బాగా మూస్తే మామూలు లెన్సులాగే ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఇరవయ్యేళ్ళలో బావ వాటిని మూసిన పాపాన పోలేదు.

"మసిపూసి మారేడుకాయ చేయడంలో ఎవరైనా నీ తర్వాతే బావా" అని ఏడిపించేదాన్ని. "నవ్వుకుంటూ వెళ్తున్నారా లేదా?" అనేవాడు. నిజమే, వెళ్ళేవాళ్ళు. అరవై దాటిన ఆడవాళ్ళు తమ ఫొటో చూసుకుని మురిసిపోయి కళ్ళు తుడుచుకోవడం నా కళ్ళారా చూశాను. ఇంకేమంటాను?

ఏటా పెళ్ళిరోజున మా అక్క ఫొటో తీసేవాడు. అదే స్టూలు, అదే కిటికీ, అదే లెన్సు. మొత్తం పంతొమ్మిది ఫొటోలు ముందుగదిలో వరసగా ఉంటాయి. ఫోనులో తీస్తానంటే అక్క మొహం తిప్పేసుకునేది. మీ బావ తీసినట్టు రాదే అనేది.

అక్క ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంది. మొన్న దాన్నుంచి రక్తం కారితే డాక్టరమ్మకి చూపించాం. "ఎప్పట్నుంచి పెరుగుతోంది? పాత ఫొటోలుంటే తెండి" అందావిడ. ఫొటోలకేం కరువు? బావ పంతొమ్మిదీ గోడమీంచి దించి పట్టుకెళ్ళాడు.

ఆవిడ ఒక్కొక్కటీ లైటు కింద పెట్టి చూసింది. "ఇందులో మచ్చేదండీ?" అంది. బావ లెన్సు సంగతి చెప్పాడు. "రేపు ముక్క తీసి పరీక్షకి పంపుదాం. అది ఏదైనా కావచ్చు. ఈలోగా స్పష్టంగా ఒక ఫొటో తీసి తెండి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కట్టుకున్నదాని మొహం కూడా సరిగ్గా చూడవా బావా?" అని దారిలోనే అనేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఇంటికి రాగానే అక్క తనే వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. బావ లెన్సు రెక్కలు బాగా మూసి, కెమెరాలోంచి చూశాడు. చాలాసేపు నొక్కలేదు.

"ఇంత పెద్దదయిందేంటే? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మూడేళ్ళ నుంచీ భయంగానే ఉందండీ" అంది అక్క. "ప్రతిసారీ మీరు తీసిన ఫొటో చూసుకుని, అంతేం లేదులే అనుకునేదాన్ని."