బూడిదలో కమాను పట్టీ

కొలిమి ముందు కూర్చుని అబద్ధమాడను. ఇది నాకు జరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం.

యుద్ధం రోజులు. గురజాలలో ఇనుము దొరకడమే గగనం. పాత లారీల కింద బరువు మోసే కమాను పట్టీలతో కత్తులు చేసి బతికేవాణ్ణి. ఆ వారం చేతికొచ్చిన పట్టీ మాత్రం... మా కాశిం అన్న నడిపిన లారీది. మాచర్ల దారిలో అది విరిగి, లారీ బోల్తాపడి, అన్న పోయాడు. నిద్రపోయి పడేశాడని లారీ షావుకారు ఊరంతా చాటాడు. ఆ పట్టీనే నాకిచ్చి, ఇంట్లోకి కత్తులు చేసి తెమ్మన్నాడు.

విరిగిన అంచు చూశాను. సగం తెల్లగా మెరుస్తోంది. సగం తుప్పు. అంటే ఎప్పుడో పగిలింది... పగిలిన పట్టీతోనే లారీ తిప్పించాడు. ఆ మాట షావుకారుతో అనే దమ్ము నాకేదీ?

సమ్మెట వేసే మనిషిని పిలిస్తే, కాల్చి ఉలితో తెంపొచ్చు. కానీ ఆ అంచు అతని కంట పడుతుంది. ఒక్కణ్ణే రంపం పట్టాను. జారిపోయింది. అంత గట్టి ఉక్కు. అలాంటిదాన్ని ఎర్రగా కాల్చి, రాత్రంతా బూడిదలో కప్పిపెడితే మెత్తబడుతుంది. నీళ్లు తగిలాయా, మళ్లీ రాయే. కప్పి, పక్కనే పడుకున్నాను.

నడిరేయి... సుయ్య్...

కాలిన ఇనుము నీళ్లలో ముంచిన చప్పుడు. లేచాను. తలుపు గడియ వేసే ఉంది. కుండ నిండుగా ఉంది. బూడిద పొడిగా ఉంది. తెల్లారి రంపం పెడితే... జారింది.

మళ్లీ కాల్చి కప్పాను. రెండో రాత్రి పడుకోలేదు. నీళ్ల కుండ బయట పెట్టి, బూడిద వైపే చూస్తూ కూర్చున్నాను. కుక్క కూడా మొరగడం లేదు. నా ఊపిరి నాకే వినపడుతోంది... సుయ్య్...

బూడిద లోపలి నుంచే. పైన రేణువు కదల్లేదు. ఏం పట్టిందో ఏమో, చేత్తోనే తవ్వాను. బూడిద చుర్రుమంది. పట్టీ మాత్రం... నూతినీళ్లంత చల్లగా ఉంది.

ఇక రంపంతో కాదని, తెల్లవారుజామునే తుప్పు అంచు కాల్చి, సుత్తితో చదును చేసేశాను. ఆ తర్వాతే పక్కింటి నాగయ్యను సమ్మెటకు పిలిచాను.

సాయంత్రం వదిన వచ్చింది.

"మస్తానూ, ఆ పట్టీ నీ కాడికే వచ్చిందంటగా. దాంట్లో ఏమన్నా కనపడిందా? మీ అన్న నిదరపోయే మనిషి కాదయ్యా."

"ఏం లేదొదినా. చానా పాత ఇనుం, అంతే."

ఆ చప్పుడు ఏమిటో ఇప్పటికీ తెలియదు. అన్నే అనుకుందామంటే... అన్న నన్ను అంత తేలిగ్గా వదిలేసేవాడా? కత్తులు బాగా తెగుతున్నాయని షావుకారు మెచ్చుకున్నాడు. దండం పెట్టి వచ్చాను.