మా మిల్లు కంప్యూటరుకి తాళం

ఎనభైల చివర్లో నేను నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో టైపిస్టుని. కంప్యూటరు కొన్న మా యజమాని, కూలీల సర్వీసు వివరాలు నాచేత అందులోకి ఎక్కించి, ఆ మర్నాడే పాత హాజరు పుస్తకాలన్నీ తూకానికి అమ్మేశాడు. అంత తొందర దేనికో ఆయనకే తెలియాలి.

ఆ వేసవిలో మిల్లు మెకానిక్కు రిటైరు కావాలి. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్ళం. ఎన్నేళ్ళు పనిచేశాడో కంప్యూటరు డిస్కులో ఉన్నదాన్ని చూసే, వెళ్ళేటప్పుడు ఆయనకి రావలసిన డబ్బు లెక్కగట్టాలి.

ఆ వివరాలు యూనియన్ వాళ్ళ కంట పడతాయని యజమానికి భయం పట్టుకుంది. గుంటూరు నుంచి ఇంజనీరును పిలిపించి, డిస్కు మొత్తాన్ని రహస్యపదం కొడితేనే చదవడానికి వీలయ్యేలా మార్చమన్నాడు. ముందు ఫ్లాపీల్లోకి కాపీ తీసుకుందామని ఇంజనీరు అన్నాడు.

"కాపీ ఏందయ్యా? దొంగకి ఇంకో తాళంచెవి చేయించి ఇచ్చినట్టు గాదూ?" అని యజమాని తన తెలివికి తానే మురిసిపోయాడు.

పంతులుగారు పెట్టిన ముహూర్తానికి మానిటరుకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మొదలెట్టారు. రహస్యపదాన్ని గదిలో అందరూ వినేలా యజమానే గట్టిగా చెప్పాడు. ఆయన లారీలన్నిటి మీదా ఉండే ఇలవేల్పు పేరే అది. పని మధ్యలో కరెంటు పోతే డిస్కు ఎందుకూ పనికిరాదని ఇంజనీరు ముందే హెచ్చరించాడు.

పన్నెండు కావస్తుండగా యజమాని గడియారం చూశాడు. "రాహుకాలం వస్తంది. ఆపెయ్."

"ఆపకూడదండీ," అన్నాడు ఇంజనీరు.

మొదలుపెట్టిన పని సాగితే దోషం లేదని పంతులుగారూ చెప్పారు. యజమాని ఎవరి మాటా వినలేదు. శాస్త్రం పంతులు కన్నా, మిషను ఇంజనీరు కన్నా తనకే ఎక్కువ తెలుసు కదా! లేచి వెళ్ళి స్విచ్చి కట్టేశాడు.

రాహుకాలం వెళ్ళాక వేస్తే నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. సాయంత్రం దాకా తంటాలుపడి ఇంజనీరు బస్సెక్కాడు. నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది.

మర్నాడు భాయ్ సంగతి చెబుదామని యజమాని దగ్గరికి వెళ్ళాను. నేను పుట్టకముందు నుంచీ ఆయన ఈ మిల్లులోనే ఉన్నాడని, ఆ తారీకు నా చేత్తోనే కొట్టానని చెప్పాను.

"డిస్కులో ఉంటేనే లెక్కమ్మా. లేనోడు కొత్తోడే."

నా వెనకే వచ్చిన భాయ్ గుమ్మంలో నిలబడి విన్నాడు. గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "అయితే అయ్యగారూ, కొత్తోణ్ణి గదా, ఈ వేసవికి నన్ను ఇంటికి పంపరు గదా?"

యజమాని తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"దానికి కంప్యూటరెందుకు? నీ జుట్టు చూస్తే తెలవట్లా?"